వీపు మీద గుండ్రాలు కలిసి చారైన రెయిన్‌బో బోవా పాము: మూడింతలు పెట్టి కొనొచ్చా?

డాలస్_సుబ్బు అడిగారు:

అందరికీ నమస్తే. పాములు నాకు కొత్త కాదు, ఇంట్లో ఆరేళ్ల కార్న్ స్నేక్ ఒకటి ఉంది, కానీ బోవాల జోలికి వెళ్లడం ఇదే మొదటిసారి. పోయిన శనివారం ఇక్కడ దగ్గర్లో సరీసృపాల ఎక్స్‌పో పెడితే ఊరికే చూసొద్దామని వెళ్లి, బ్రెజీలియన్ రెయిన్‌బో బోవా పిల్లల టేబుల్ దగ్గర ఇరుక్కుపోయాను. ఫొటోల్లో ఎన్నిసార్లు చూసినా అది వేరు, ఆ పిల్ల లైటు కింద కాస్త పక్కకి తిరగ్గానే ఒంటి మీద నీలం, ఆకుపచ్చ, ఊదా జారిపోవడం కళ్లారా చూడటం వేరు. మా ఆవిడ కూడా ఐదు నిమిషాలు కదల్లేదు, ఆవిడకి పాములంటే పడదు.

రెండు పిల్లలు నచ్చాయి. రెండూ ఒకాయన దగ్గరే ఉన్నాయి, వేరే వేరే ఈతలవి, రెండూ ఆడవే, ఎండాకాలంలో పుట్టినవి.

మొదటిది మామూలుదే. వీపంతా నల్ల అంచున్న నారింజ గుండ్రాలు వరసగా, పక్కల నల్ల మచ్చలు, ఒక్కో మచ్చ నెత్తిన నెలవంకలాగా నారింజ గీత. రేటు 275 డాలర్లు. రెండోది చూడగానే ఆగిపోతాం. మెడ దగ్గర్నుంచి దాదాపు సగం ఒంటి దాకా గుండ్రాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మధ్యలో నారింజ పట్టె, దానికి రెండు వైపులా నల్ల గీత, పంచె అంచులాగా. సగం దాటాక మళ్లీ మామూలు గుండ్రాలే. డబ్బా మీద ‘స్ట్రైప్డ్’ అని రాసి 850 డాలర్లు పెట్టారు. ఇది వంశంలో దిగేదేనా అంటే ‘జెనెటిక్ అయ్యుండొచ్చు’ అన్నాడాయన. ఆ ‘అయ్యుండొచ్చు’ దగ్గరే నాకు టెన్షన్.

నా సందేహాలు: ఇలాంటి చార పిల్లలకి దిగుతుందా, లేక ఆ ఒక్క పిల్లకి అలా పడిందా? పెద్దయ్యాక చార అలాగే ఉంటుందా, చెరిగిపోతుందా? కొలంబియన్ రెయిన్‌బోలు పెద్దయ్యాక మచ్చలు పోయి మట్టిరంగులోకి వస్తాయని ఎక్కడో విన్నాను, అదే భయం. రేపెప్పుడైనా ఒక ఈత తీయాలని మనసులో ఉంది, అందుకే అడుగుతున్నా, లేకపోతే అందంగా ఉందని కొనేసేవాణ్ణి. ఫొటోలు కింద పెట్టాను.

బే_ఏరియా_బాబ్జీ:

850లో మామూలుది కొని, మిగిలిన దాంతో మంచి ఎన్‌క్లోజర్, రెండు థర్మోస్టాట్లు, తేమ కొలిచే హైగ్రోమీటర్ కొను బ్రో. పిల్ల రెయిన్‌బోలు చచ్చిపోయేది చార లేక కాదు, తేమ లేక. నా మొదటి దాన్ని అలాగే పోగొట్టుకున్నా. కార్న్ స్నేక్ పెట్టెలో పెట్టినట్టు పెట్టాను, కార్న్‌కి సరిపోయిన గాలి దీనికి ఎడారి. తర్వాత పెంచినవాటికి తడి నాచు పెట్టిన దాగుడు డబ్బా, 80 శాతం పైన తేమ, వెచ్చని వైపు 85 ఫారెన్‌హీట్ దాటకుండా. 90 దాకా వెళ్లనిచ్చావంటే కొంప మునిగినట్టే. ఇంకోటి, పిల్లలప్పుడు కరుస్తాయి, చిన్న పళ్లే, కంగారు పడకు.

కుబుసం_అక్క:

సుబ్బూ, ఫొటోలు మంచి వెలుతురులో తీసినందుకు ముందు థాంక్స్, ఇక్కడ సగం మంది చీకట్లో ఫోన్ ఫ్లాష్ కొట్టి ‘ఇది ఏ మార్ఫ్ (అంటే ఏ రంగు, గీతల రకం) అక్కా’ అంటారు. నేను నార్త్ కరొలినాలో పదకొండేళ్లుగా రెయిన్‌బోలే పెంచుతున్నా, అమ్మకం నా పని కాదు, ఇష్టం కొద్దీ తీసిన ఈతలు ఏడు. కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదువు.

మా తాతది భీమవరం వైపు. సంక్రాంతి పుంజుల్ని ఈక రంగు చూసి కాకి, డేగ, నెమలి, మైల అని పిలిచేవాళ్లు కదా, డేగ పుంజుని ఏ పెట్ట మీద వేసినా పిల్లలన్నీ డేగలే వస్తాయని తాత ఎప్పుడూ అనలేదు. ఆ పేరు కనబడే రంగుకి పెట్టింది, అంతే. డబ్బా మీద ‘స్ట్రైప్డ్’ అన్న మాట కూడా అలాంటిదే. కంటికి కనిపిస్తున్నది చెప్పింది, రక్తంలో ఏముందో చెప్పలేదు. మార్ఫ్ అనే మాటని మాత్రం జనం రెండిటికీ వాడేస్తారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

రెయిన్‌బోల్లో వంశంలో దిగుతుందని రుజువైనవి ఉన్నాయి. అనరీ అంటే ఎరుపు, నారింజ పూర్తిగా పోయి నలుపు, బూడిద, వెండి రంగుల్లో ఉండేది, అది రిసెసివ్. అంటే ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ వస్తేనే కంటికి కనబడుతుంది. ఒక్క కాపీ ఉన్నదాన్ని హెట్ అంటాం, చూడ్డానికి మామూలు పామే. హెట్, హెట్ జత కడితే సగటున నాలుగింట ఒకటి అనరీ. మిగతా మూడూ చూపుకి మామూలే, వాటిలో రెండు హెట్, ఒకటి కాదు, ఏది ఏదో తెలియదు, అందుకే అవన్నీ ‘66 శాతం హెట్’ అని అమ్ముతారు. అది పామంతా 66 శాతం అని కాదు బాబూ, హెట్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులని. నలుపు తగ్గిన హైపోలు, నలుపే లేని ఆల్బినోలు కూడా ఉన్నాయి. ఇవన్నీ రంగు కథలు. నమూనా, అంటే ఒంటి మీది గీతలు, మచ్చల తీరు, ఆ కథ దగ్గరికి వచ్చేసరికి నేల అంత గట్టిగా ఉండదు.

ఎందుకంటే రెయిన్‌బోల్లో గుండ్రాలు కలవడం అంత అరుదేం కాదు. ప్రతి పిల్లకీ వీపంతా చక్కగా విడివిడి గుండ్రాలున్న ఈత నా ఏడింట్లో ఒక్కటి కూడా లేదు. ఎక్కడో రెండు గుండ్రాలు అతుక్కుని ఎనిమిది అంకెలా తయారవుతాయి, ఇంకెక్కడో ఒకటి సగానికి చీలి చెరో పక్కకీ జరుగుతుంది. మెడ దగ్గర, తోక దగ్గర మరీ ఎక్కువ. ఈతలో ఎప్పుడో ఒకటి అలా నాలుగైదు కలిసిపోయి పొడుగు చారతో పుడుతుంది.

నాకూ ఒకటి పుట్టింది. నీ ఫొటోలో దానికంటే పొడుగు చార, దాదాపు మూడొంతుల ఒళ్లు. ఎగిరి గంతేశాను. అమ్మకుండా ఉంచుకున్నాను, ఆడది. నాలుగేళ్లకి ఈడుకొచ్చాక సంబంధం లేని మామూలు మగదానితో కట్టించా. పద్నాలుగు పిల్లలు, ఒక్కదానికీ చార లేదు. సరే, రిసెసివ్ అయితే ఇలాగే ఉండాలి కదా, పిల్లలన్నీ హెట్‌లు అయ్యుంటాయని ఆశ. ఒక మగపిల్లని ఉంచి, మూడేళ్లు పెంచి, తల్లితోనే కట్టించా. నిజంగా రిసెసివ్ అయితే ఈసారి సగం పిల్లలకి చార రావాలి. పదహారు పుట్టాయి. సున్నా. మొదటి జత నుంచి ఆ సున్నా దాకా మూడేళ్లు పైనే, పిల్లని పెంచిన నాలుగేళ్లూ కలిపితే ఏడేళ్లు దాటింది. ఆ పాము ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చార అంతే అందంగా ఉంది, నేనే తేరుకున్నా.

దీనర్థం నీ పిల్లది కూడా అంతేనని కాదు. పరీక్ష చేసి చూడకుండా ఎవరూ చెప్పలేరు, ‘అయ్యుండొచ్చు’ అన్నాయన అబద్ధం చెప్పలేదు కూడా. కానీ ఆ మాటకి 575 డాలర్లు ఎక్కువ.

నీ రెండో ప్రశ్న తేలిక. బ్రెజీలియన్ రెయిన్‌బోలో పుట్టుకతో వచ్చిన గీతలు చచ్చేదాకా అవే. చార చారగానే ఉంటుంది, గుండ్రం గుండ్రంగానే. మారేది రంగు. పిల్లలప్పుడు పక్కలు బూడిదగా ఉంటాయి, నారింజ నిండుగా ఎక్కడానికి రెండు మూడేళ్లు పడుతుంది, కొన్ని ఇటుక ఎరుపులోకి వెళ్తాయి, కొన్ని గోధుమరంగు దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి పిల్లని చూసి రంగు చెప్పకు, తల్లిదండ్రుల్ని చూసి చెప్పు. నువ్వు విన్న మట్టిరంగు సంగతి కొలంబియన్‌ది, అది జాతే వేరు. ఒకప్పుడు అన్నిటినీ ఒకే జాతిలో ఉపజాతులుగా లెక్కేసేవాళ్లు, 2008లో వచ్చిన పునఃపరిశీలనతో ఐదు వేరు వేరు జాతులయ్యాయి. కొలంబియన్ పిల్లలకి మచ్చలుంటాయి, పెద్దయ్యేకొద్దీ మాసిపోయి ఒకే గోధుమరంగు, మెరుపు మాత్రం అదిరిపోతుంది. రెండిటినీ కలిపి పుట్టించినవీ బయట ఉన్నాయి, వింత నమూనా అంటే ముందు ఆ అనుమానం కూడా తీర్చుకోవాలి. తల మీద ఐదు నల్ల గీతలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడు, నీ ఫొటోలో రెండిటికీ ఉన్నాయి, దాంతో అంతా తేలిపోదు కానీ మంచిదే.

ఇక మన రెయిన్‌బోల్లో అసలు పెంపకం నేర్పు కనబడేది లైన్ బ్రీడింగ్‌లో. ఏ ఒక్క జన్యువూ కాదు, చాలా చిన్న చిన్నవి కలిసి. ప్రతి ఈతలో ఎర్రదనం ఎక్కువున్నవి, గుండ్రాల చుట్టూ నల్ల అంచు పదునుగా ఉన్నవి, నెలవంకలు పెద్దగా ఉన్నవి ఎంచి ఉంచుకోవడం, నాలుగేళ్లు ఆగడం, మళ్లీ ఎంచడం. మూడు తరాలంటే పన్నెండేళ్లు. అలాంటి లైన్ నుంచి వచ్చిన పిల్లకి 275 అంటే నా లెక్కలో అది చవక.

అమ్మినాయన్ని మూడు అడుగు. తల్లిదండ్రుల్లో ఎవరికైనా చార ఉందా. ఆ ఈతలో మొత్తం ఎన్ని, వాటిలో చారవి ఎన్ని. అదే జత ముందు కూడా ఈనిందా, అప్పుడేం పుట్టాయి. సమాధానాలతో రా.

డాలస్_సుబ్బు:

అక్కా, చాలా థాంక్స్. పంచె అంచు అన్నానని మా ఆవిడ నవ్వుతోంది, పోనీ.

ఆయనకి మెసేజ్ పెట్టాను, దాపరికం లేకుండానే చెప్పాడు. తండ్రికి చార ఉంది, దాన్ని ఇంకొకరి దగ్గర కొన్నాడు, ముందు సంగతి తెలియదు. తల్లి మామూలుది, తండ్రితో సంబంధం లేదు. ఈ ఈతలో పదిహేడు, వాటిలో చారవి మూడు, రెండు అమ్ముడైపోయాయి. ఇదే జత రెండేళ్ల కిందట పన్నెండు పిల్లల్ని పెట్టింది, అప్పుడు ‘మెడ దగ్గర కొంచెం కలిసినవి’ ఉన్నాయట, పూర్తి చార ఏదీ లేదు. ఇంకో మాట కూడా చెప్పాడు, నేను అడగకుండానే: తల్లి చూలుతో ఉన్నప్పుడు జూన్‌లో వారం రోజులు ఇంట్లో ఏసీ పాడైంది, గది 90 దాటిందట, ఈతలో రెండు చచ్చి పుట్టాయట.

తండ్రికి చార ఉంది కాబట్టి దిగినట్టే కదా? లేక ఏసీయా?

పొలుసుల_పంతులు:

నేను పాములు పెంచను, జన్యుశాస్త్రం చెప్పుకుని బతుకుతాను, కాబట్టి నా మాట ఆ మేరకే తీసుకోండి.

లెక్క చూద్దాం. చార డామినెంట్ తరహాదైతే, అంటే ఒక్క కాపీతోనే కనబడేదైతే, తండ్రికి ఒక కాపీ ఉన్నా సగం పిల్లలకి రావాలి. రిసెసివ్ అయితే, తండ్రికి రెండు కాపీలు, తల్లి హెట్ అయితేనే పిల్లల్లో కనబడాలి, అప్పుడు కూడా సగమే. రెండు దారుల్లోనూ పదిహేడులో ఎనిమిదో తొమ్మిదో ఆశించాలి. బొమ్మా బొరుసూ పదిహేడు సార్లు ఎగరేస్తే బొమ్మ మూడుసార్లు లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం వెయ్యింట ఆరు. దానికి మొదటి ఈతలో పన్నెండుకి సున్నా కూడా కలిపితే చెప్పక్కర్లేదు. కాబట్టి ‘ఒకే ఒక్క జన్యువు, పాఠ్యపుస్తకం లెక్క’ అన్నది ఇక్కడ కుదరడం లేదు.

అలాగని వంశంతో పనే లేదనీ అనలేం. తండ్రికి ఉండటం, మొదటి ఈతలో కూడా మెడ దగ్గర కలవడం, ఈసారి మూడు రావడం చూస్తే, అక్క చెప్పిన చిన్న చిన్న జన్యువుల గుంపు కొంత, కడుపులో ఉన్నప్పటి వేడి కొంత కలిసి ఉండొచ్చు. నమూనా గీసేది పిండం దశలో. నలుపు కణాలు, పసుపు ఎరుపు కణాలు చర్మంలోకి వచ్చి ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ, లాక్కుంటూ స్థిరపడతాయి. ఆ సమయంలో ఏ కొంచెం తేడా వచ్చినా గుండ్రం మూసుకోవాల్సింది మూసుకోక పక్కదానితో కలుస్తుంది. ముగ్గు పెట్టేటప్పుడు చుక్కల మధ్య దూరం తగ్గితే మెలికలు కలిసిపోయినట్టు. గుడ్లు పెట్టే పాముల్లో పొదిగే వేడి నమూనాని మారుస్తుందని పెంపకందార్లందరికీ తెలిసిందే, రెయిన్‌బోలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని ఐదారు నెలలు కడుపులోనే మోస్తాయి, కాబట్టి తల్లి ఒంటి వేడే పొదుగు వేడి. అలా వేడి వల్ల పడ్డ చార తర్వాతి తరానికి దిగదు.

ఇంకొక విషయం, అసలు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. రెయిన్‌బోని రెయిన్‌బో చేసే ఆ మెరుపు రంగు కాదు. పొలుసు పైపొరలోని అతి సన్నటి నిర్మాణం మీద పడిన వెలుగు విడిపోవడం, సబ్బు బుడగ మీద, తడి రోడ్డు మీద పడ్డ పెట్రోలు చుక్క మీద కనిపించేదే. అందుకే కుబుసం విడిచిన రోజు కళ్లు చెదిరేలా ఉంటుంది, కుబుసానికి ముందు మసకబారి బూడిద పూసినట్టు ఉంటుంది. కింద నలుపు ఎంత ముదురైతే పైన మెరుపు అంత బాగా కనబడుతుంది. అంటే నమూనా మీద ఎంత ఖర్చు పెట్టినా, మెరుపు 275 దాంట్లోనూ అంతే వస్తుంది, దానికి అదనపు రేటు లేదు.

ఇక ఆడపాము ఒక్కటే ఉన్నా పిల్లలు రావన్న నమ్మకం కూడా పెట్టుకోకండి. కొలంబియన్ రెయిన్‌బోల్లో మగది లేకుండానే ఒకే ఆడపాము వరసగా పిల్లల్ని కన్న సంగతి 2011లో శాస్త్రీయంగా నమోదైంది. పిల్లలన్నీ ఆడవే. మా క్లాసులో ఇది చెప్తే ఎవరూ నిద్రపోరు.

వట్టి_మాట:

నాకు ఒకటి అర్థం కాదు. పాము అంటేనే అందం, దానికి ఈ మార్ఫ్‌ల గోల ఎందుకు? బాల్ పైథాన్లలో స్పైడర్ అని తీశారు, చూడ్డానికి సాలెగూడు గీసినట్టు ఎంత బాగుందో, దానికి తల వణుకు కూడా కలిపే వచ్చింది, కొన్ని నోరు ఎరకి గురిపెట్టలేక తిప్పలు పడతాయి. నమూనా, ఆ జబ్బు ఒకే జన్యువు నుంచి. అయినా ఏళ్ల తరబడి అమ్మారు, కొన్నారు. చార కోసం తల్లినీ కొడుకునీ కట్టించామని ఇక్కడ మామూలుగా చెప్పేస్తున్నారు. అక్కా, తప్పుగా అనుకోవద్దు.

కుబుసం_అక్క:

తప్పుగా ఏం అనుకోను, న్యాయమైన మాటే. దిగుతుందో లేదో తేల్చుకోవడానికి ఒక్కసారి వెనక్కి కట్టించడం పెంపకంలో మామూలే, కానీ ఆ పదహారులో ఒకదానికి వెన్ను వంకర వచ్చింది, దగ్గరి చుట్టరికం వల్లో వేడి వల్లో నాకు తెలియదు. ఆ తర్వాత నేను వెనక్కి కట్టించడం మానేశాను. లైన్ బ్రీడింగ్ చేసేవాళ్లు కూడా మధ్య మధ్యలో బయటి రక్తం తేవాలి, తెచ్చినప్పుడు రంగు ఒక మెట్టు తగ్గుతుంది, దానికి ఓర్చుకునేవాళ్లు తక్కువ. పైగా బయటి రక్తం అంటే ఎక్కడినుంచి? పేరుకి బ్రెజీలియన్ కానీ బ్రెజిల్ 1967 నాటి చట్టంతోనే అడవి జంతువుల వ్యాపారం ఆపేసింది, అడవి నుంచి మన దాకా వచ్చినవి ఎక్కువగా సూరినామ్, గయానా వైపువి. అవి కొంచెం ముదురు, అంత ఎరుపుండవు.

స్పైడర్ లాంటి జబ్బు రెయిన్‌బో నమూనాలకి తగులుకున్నట్టు నేను చూడలేదు. ఆ మాట ధీమాగా అంటున్నానంటే కారణం కూడా అదే, ఇక్కడ రుజువైన నమూనా జన్యువులే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

కూకట్‌పల్లి_కిట్టు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. హైదరాబాద్‌లో ఇలాంటిది పెంచుకోవచ్చా? ఇక్కడ ఒకతను అనరీ అని చెప్పి రెయిన్‌బో ఇస్తానంటున్నాడు, కాగితాలు తర్వాత చూసుకుందాం అంటున్నాడు. విదేశీ పాము కాబట్టి అటవీ శాఖకి పట్టదు అంటున్నాడు.

బే_ఏరియా_బాబ్జీ:

‘కాగితాలు తర్వాత’ అన్నాడంటే అక్కడే ఆపేయ్ కిట్టూ. పట్టదు అన్నది పాత మాట. రెయిన్‌బో బోవాలు సైటిస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, 2022 సవరణతో సైటిస్ జాతులన్నీ మన వన్యప్రాణి చట్టంలో నాలుగో షెడ్యూల్ కిందికి వచ్చాయి, 2024 ఫిబ్రవరిలో నమోదు నియమాలు కూడా వచ్చాయి. దగ్గర ఉంచుకున్నా, చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చూపించాలి. బ్యాంకాక్ విమానం దిగిన సూట్‌కేసుల్లో సంచులు కట్టి తెచ్చిన బాల్ పైథాన్లని చెన్నైలో ఎన్నిసార్లు పట్టుకున్నారో పేపర్లో చూసే ఉంటావు, ఆ సరుకులో మిగిలిందే ఇలా ‘కాగితాలు తర్వాత’ అని తిరుగుతుంది. ఇక మన దేశం పాములు, కొండచిలువ గానీ రెండుతలల పాము గానీ, ఇంట్లో పెట్టుకోవడం 1972 నాటి ఆ చట్టం ప్రకారం అసలు కుదరదు.

పైగా హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో కరెంటు పోయిన మధ్యాహ్నం నీ గది ఎంతుంటుందో ఆలోచించు. ఇది 90 తట్టుకోలేని పాము అని పైనే చెప్పాను.

డాలస్_సుబ్బు:

అప్‌డేట్. మామూలుదే తెచ్చుకున్నా. చారదానికి 500 ఇస్తానని అడిగాను, నిజం చెప్పాలంటే మీ అందరి మాటలు విన్నాక కూడా ఒకసారి మనసు లాగింది, ఆయన తగ్గలేదు. మర్యాదగానే మాట్లాడాడు. పంతులు గారి లెక్క చెప్తే కాసేపు ఆలోచించి, మామూలుదాని తల్లిదండ్రుల్ని వీడియోలో చూపించాడు, తల్లి ఇటుక ఎరుపు, ఆరడుగులకి దగ్గర్లో ఉంది, పక్కల నెలవంకలు బొటనవేలంత. ఆ వీడియో చూశాక ఇక వేరే ప్రశ్న లేదు. ఇవాళ పొద్దున్న ఆయన పేజీ చూస్తే చార పిల్ల పక్కన రాసింది మార్చాడు, ‘చార, దిగుతుందో లేదో తేలలేదు’ అని పెట్టాడు, రేటు మాత్రం అదే.

పిల్ల ఇంటికొచ్చి తొమ్మిది రోజులు. మొదటి ఎలకని ముట్టలేదు, రెండోది రాత్రి లైట్లన్నీ ఆర్పేశాక తీసుకుంది. నన్ను రెండుసార్లు కరిచింది. నిన్న కుబుసం విడిచింది, ఒక్క ముక్కగా, తేమ సరిపోయిందన్నమాట. వీపు మీద గుండ్రాలు లెక్కపెడితే మెడ దగ్గర రెండు కలిసి ఎనిమిది అంకెలా ఉన్నాయి, అక్క చెప్పినట్టే, ఎక్స్‌పోలో నేను చూడనే లేదు.

మా అమ్మకి వీడియో కాల్‌లో చూపించా. ఆవిడ పుట్టిపెరిగింది ప్రకాశం జిల్లాలో పొలాల మధ్య. ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసి, ‘ఒరే, ఇది రక్తపింజరరా’ అంది. మచ్చల వరసలు చూస్తే ఆవిడ భయం అర్థమవుతుంది, గొలుసు గొలుసుగా అలాగే ఉంటాయి. విషం లేదమ్మా, ఇది అమెజాన్ అడవుల్ది అన్నా వినలేదు. డబ్బాకి తాళం వేసి చూపించేదాకా ఫోన్ పెట్టలేదు.

కుబుసం_అక్క:

తాళం మంచిదే, అమ్మ మాట విను. ఎనిమిది అంకె ఫొటో పెట్టు.